ఫ్రంట్ లోడ్ కొనేముందు ట్యాంకు ఎత్తు కొలవండి

షోరూమ్‌లో ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ చూపించేవాళ్లు కిలోలు చెబుతారు, ఆర్‌పీఎం (స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి తిరిగే చుట్లు) చెబుతారు, ఎక్స్ఛేంజ్ ఆఫర్ చెబుతారు. మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయని మాత్రం అడగరు. హైదరాబాద్‌లో ఈ మెషిన్ పదేళ్లు నడుస్తుందా, మూడేళ్లకే మూలన పడుతుందా అన్నది కంపెనీ పేరు కంటే ఎక్కువగా నీళ్లను బట్టే ఉంటుంది. అందుకే మోడల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నల్లా, ట్యాంకు, వాష్ ఏరియా.

మీ ఇంటి నీళ్లు ఏవి?

జలమండలి పైపుల్లో వచ్చే మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లతో మెషిన్‌కు పెద్దగా ఇబ్బంది ఉండదు. బాధంతా బోరు నీళ్లతోనే. రాతి పొరల్లోంచి వచ్చే ఈ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. చాలా అపార్ట్‌మెంట్లలో నల్లా నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలిసి పైకెక్కుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ నీళ్లు కూడా తోడవుతాయి. అంటే జనవరిలో మంచిగా ఉన్న నీళ్లు మే నెలలో అలాగే ఉంటాయన్న భరోసా లేదు. పరీక్ష చేస్తే ఎండాకాలంలో ఒకసారి, వానాకాలం ముగిశాక ఒకసారి చేయండి.

వంటింట్లో వాళ్లకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉంటే, స్టీలు నల్లా మూతి చుట్టూ తెల్లటి పొర కడితే, బకెట్ అడుగు గరుకుగా తగిలితే ఆ నీళ్లు హార్డ్ వాటరే, అంటే ఈ లవణాల వల్ల కాఠిన్యం ఎక్కువున్న నీళ్లే. ఇంకాస్త నమ్మకంగా తెలియాలంటే అర లీటరు సీసాలో సగం నీళ్లు పోసి, స్నానం సబ్బు చిన్న ముక్క తురిమి వేసి బాగా గిలకొట్టండి. నురగ నిలబడి, కింద నీళ్లు తేటగా ఉంటే ఫరవాలేదు. నురగ రాకుండా పాలు విరిగినట్టు తెల్లటి తరకలు తేలితే కాఠిన్యం ఎక్కువ. దీనికి బట్టలుతికే డిటర్జెంట్ పనికిరాదు, అది హార్డ్ వాటర్‌లోనూ నురగ ఇస్తుంది. కచ్చితమైన అంకె కావాలంటే అక్వేరియం షాపుల్లో దొరికే కాఠిన్యం టెస్ట్ కిట్ తెచ్చుకోండి. చుక్కలు లెక్కపెడుతూ వేస్తే రంగు మారిన చోట లెక్క తేలుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. వాటర్ ప్యూరిఫయర్ అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్ మీటర్ కాఠిన్యాన్ని కొలవదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎన్నో అదొక అంచనా చెబుతుంది, అంతే. సాఫ్ట్‌నర్ (నీళ్ల కాఠిన్యం తగ్గించే పరికరం) బిగించాక కూడా టీడీఎస్ దాదాపు అంతే చూపిస్తుంది, ఎందుకంటే సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియాన్ని పెడుతుంది. టీడీఎస్ తగ్గలేదు కాబట్టి సాఫ్ట్‌నర్ మోసం అనుకోవడం తప్పు. టీడీఎస్ తక్కువని చూపించి సాఫ్ట్‌నర్ అక్కర్లేదనడమూ తప్పే.

తాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మెషిన్ విషయంలో మా లెక్క ఇలా ఉంటుంది: 200 లోపైతే నిశ్చింతగా కొనండి. 200 నుంచి 400 మధ్య ఉంటే ప్రతి నెలా డీస్కేలింగ్ (లోపల పట్టిన తెల్లటి పొరను కరిగించడం) చేసే ఓపిక ఉంటేనే కొనండి. 400 దాటితే సాఫ్ట్‌నర్ లేకుండా ఫ్రంట్ లోడ్ జోలికి వెళ్లకండి.

కారణం హీటరు. డ్రమ్ము కింద ఉండే ఆ రాడ్ దాదాపు 2 కిలోవాట్లది. నీళ్లు వేడెక్కినప్పుడు కాల్షియం దాని మీదే గట్టిపడుతుంది. 500 కాఠిన్యం ఉన్న బోరు నీళ్లు 15 లీటర్లు తీసుకుంటే అందులో ఏడున్నర గ్రాముల లవణాలుంటాయి. ఒక వాష్‌లో వేడెక్కే నీళ్లు ఇంచుమించు అన్నే. అందులో కొంతే రాడ్‌కు పట్టినా, వారానికి నాలుగు వాష్‌ల చొప్పున ఏడాదికి ఎంత పేరుకుంటుందో ఊహించుకోండి. పొర మందమయ్యేకొద్దీ వేడి నీళ్లకు చేరదు, రాడ్ లోపలే కాలిపోతుంది. గీజర్ రాడ్ మార్పించిన ఇళ్లలో ఈ తెల్లటి పెంకు అందరూ చూసే ఉంటారు.

సాఫ్ట్‌నర్ తీసుకుంటే రెసిన్ గుళికలున్నదే తీసుకోండి. దాన్ని తరచూ ఉప్పు నీళ్లతో రీజనరేట్ చేయాలి, అంటే రెసిన్ మళ్లీ పనిచేసేలా చేయాలి. అది మానేస్తే కొద్ది వారాల్లోనే రెసిన్ పని ఆగిపోతుంది, సాఫ్ట్‌నర్ మాత్రం గోడకు వేలాడుతూనే ఉంటుంది. నీళ్లు నిజంగా మారుతున్నాయో లేదో నెలకోసారి సబ్బు సీసా పరీక్షతోనే చూసుకోవచ్చు. పైపు మీద బిగించే అయస్కాంతాలు కాల్షియాన్ని నీళ్లలోంచి తీయవు. వాటికి డబ్బు పెట్టకండి.

ప్రెషర్ లెక్క

ఫ్రంట్ లోడ్‌లో నీళ్లు వాల్వు ద్వారా వస్తాయి, దానికి కనీస ఒత్తిడి కావాలి. కొన్ని మోడళ్లకు 0.3 బార్ చాలు, కొన్ని 1 బార్ అడుగుతాయి. మాన్యువల్‌లో రాసి ఉంటుంది, కొనకముందే అడిగి తెలుసుకోండి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లు ఇంచుమించు 1 బార్ ఇస్తాయి. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు వాళ్లకు ఈ బెంగ లేదు. చిక్కు పై అంతస్తు వాళ్లకే.

ఇండిపెండెంట్ ఇంట్లో పై అంతస్తే తీసుకోండి. స్లాబు పది అడుగుల ఎత్తున ఉంది, మెషిన్ నల్లా మూడున్నర అడుగుల దగ్గరుంది. ట్యాంకు స్లాబు మీదే కూర్చుంటే తేడా ఆరున్నర అడుగులు, అంటే 2 మీటర్లు, 0.2 బార్. చాలదు. అదే ట్యాంకు అయిదడుగుల దిమ్మె మీద ఉంటే పదకొండున్నర అడుగులు, మూడున్నర మీటర్లు, 0.35 బార్. 0.3 అడిగే మోడలైతే నడుస్తుంది. ట్యాంకులో నీళ్లు సగానికి పడిపోయినా ఇబ్బంది రాకూడదు కాబట్టి ట్యాంకు అడుగు నుంచే కొలవాలి.

టేపు లేకపోతే బకెట్ చాలు. మెషిన్‌కు ఇవ్వబోయే నల్లా పూర్తిగా తిప్పి, 15 లీటర్ల బకెట్ పెట్టండి. రెండు నిమిషాల్లోపు నిండితే చాలా మోడళ్లకు సరిపోతుంది. మూడు నిమిషాలు దాటితే మెషిన్ నీళ్ల కోసం ఎదురుచూసి ఎర్రర్ చూపి ఆగిపోవచ్చు. అప్పుడు ట్యాంకు నుంచి దిగే లైన్‌లో చిన్న ప్రెషర్ పంపు పెట్టించడమే దారి. నల్లాకు, పైపుకు మధ్య జాలీలో ఇసుక పట్టినా ఇదే లక్షణం కనిపిస్తుంది, ముందు అది కడిగి చూడండి.

స్థలం, ప్లగ్, బిగింపు

మెషిన్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, ఎత్తు 85. లోతు మోడల్‌ను బట్టి 45 నుంచి 65 దాకా. దీనికి తోడు తలుపు తెరుచుకోవడానికి, మనిషి వంగి బట్టలు తీయడానికి ముందు కనీసం రెండున్నర అడుగుల చోటు వదలాలి. టూ బీహెచ్‌కే ఫ్లాట్ల యుటిలిటీ చాలావరకు ఇరుకు. సింకు, గ్యాస్ సిలిండర్ పోగా మిగిలింది కొలిచాకే షోరూమ్‌కు వెళ్లండి. వాన జల్లు, పడమటి ఎండ నేరుగా ప్యానెల్ మీద పడే చోటు వద్దు. కవర్ తొడిగితే సరిపోతుందనుకోవద్దు, తడి మెషిన్ మీద బిగుతుగా తొడిగిన కవర్ వాసనను ఇంకా పెంచుతుంది.

ప్లగ్ 16 ఆంప్స్ పవర్ ప్లగ్ అయి ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. తడి నేల, 2 కిలోవాట్ల హీటరు ఉన్నచోట ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడటం ప్రాణాలతో చెలగాటం. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోకండి. ముట్టుకుంటే చేతికి జివ్వుమన్నా సరే, మెషిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

టెక్నీషియన్ వచ్చినప్పుడు పక్కనే ఉండి నాలుగు పనులు చూడండి. వెనక వైపు డ్రమ్మును కదలకుండా పట్టి ఉంచే ట్రాన్సిట్ బోల్టులు తీశాడా? అవి తీయకుండా స్పిన్ పెడితే మెషిన్ గది దాటి వెళ్లేంతగా ఎగురుతుంది. తీసిన బోల్టులు పారేయకండి, ఇల్లు మారినప్పుడు మళ్లీ బిగించాలి. రెండోది, డ్రైన్ పైపు చివర నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. నేల మీద పడేస్తే నిండిన నీళ్లు నిండినట్టే జారిపోతాయి, మెషిన్ నింపుతూనే ఉంటుంది. మూడోది, లెవెల్. వాష్ ఏరియా నేల మోరీ వైపు వాలుగా ఉంటుంది కాబట్టి నాలుగు కాళ్లూ ఒకే ఎత్తులో ఉండవు. పైమూలలు ఎదురెదురుగా నొక్కి చూస్తే ఊగకూడదు. కాళ్లు సరిచేశాక వాటి లాక్‌నట్లు పైకి బిగించాలి, టైల్ ముక్కలు, అట్టలు కింద పెట్టకూడదు. నాలుగోది, అడుగున ఎలుకల జాలీ. ఎలుక లోపల దూరి వైరు కొరికిందంటే ఖర్చు ఎలక్ట్రానిక్ బోర్డు మార్చేదాకా పోవచ్చు.

చక్రాల స్టాండు కంటే సిమెంటు గట్టు మేలు. మెషిన్ బరువు 60 నుంచి 75 కిలోలు. లోపల కాంక్రీటు దిమ్మెలుంటాయి, స్పిన్ అదురును పట్టి ఉంచేవి అవే. ఆరంగుళాల గట్టు కట్టిస్తే అదురు తగ్గుతుంది, నడుం వంచడమూ తగ్గుతుంది.

దేనికి బాగుంటుంది, దేనికి బాగోదు

నీళ్ల ఆదా నిజమే. అదే సైజు టాప్ లోడ్ వంద లీటర్లకు పైగా తాగే చోట ఇది యాభై అరవైతో పని కానిస్తుంది. ట్యాంకర్ కొనుక్కునే కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు. బట్టలు ఒకదాన్నొకటి మెలిపెట్టుకోకుండా పైనుంచి కిందకు పడుతూ ఉతుకుతాయి కాబట్టి కాలర్లు, చీర అంచులు త్వరగా చిరగవు. స్పిన్ వేగం 1200, 1400 దాకా ఉంటుంది. అయిదు కిలోల పొడి బట్టలు ఉతికితే 1000 దగ్గర దాదాపు 3 లీటర్ల నీళ్లు వాటిలోనే ఉండిపోతాయి, 1400 దగ్గర రెండున్నర. జూలై, ఆగస్టు ముసుర్లలో బాల్కనీలో ఆరేసేవాళ్లకు ఆ అర లీటరు తేడా పూటంత తేడా.

అన్నిటికంటే పెద్ద లాభం వేడినీళ్లు. తలనూనె పట్టిన దిండు గలీబులు, వంటింటి తుడుపు గుడ్డలు చన్నీళ్లలో శుభ్రపడవు. 60 డిగ్రీల్లో జిడ్డు వదులుతుంది. కరెంటు భయం అక్కర్లేదు: 15 లీటర్లను 28 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ అవుతుంది, 40 చాలనుకుంటే పావు యూనిట్ కూడా పట్టదు.

పేచీలూ ఉన్నాయి. కాటన్ 60 ప్రోగ్రాం రెండున్నర, మూడు గంటలు నడుస్తుంది. నీళ్లకు టైమింగ్స్ ఉన్న ఇళ్లలో మధ్యలో నల్లా ఆగితే మెషిన్ కూడా ఆగుతుంది. చాలా మోడళ్లలో మధ్యలో తలుపు తీసి మర్చిపోయిన చొక్కా వేయడం కుదరదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు రోజూ వంగి తీయడం భారమే. ఇంట్లో బట్టలు ఉతికేది అమ్మగారో అత్తగారో అయితే వాళ్లను అడగకుండా ఈ మెషిన్ తేవద్దు. 400 పైన కాఠిన్యం, పై అంతస్తు, సాఫ్ట్‌నర్ పెట్టే వీల్లేని అద్దె ఇల్లు, ఈ మూడూ కలిసిన చోట హీటర్ లేని టాప్ లోడే తెలివైన కొనుగోలు.

ఉతకడంలో జరిగే తప్పులు

7 కిలోలంటే పొడి బట్టల బరువు, అది కూడా కాటన్‌కే. సింథటిక్స్ ప్రోగ్రాంలో అందులో సగమే వేయాలి. తూకం అక్కర్లేదు. కాటన్ బట్టలు వదులుగా నింపాక డ్రమ్ము పైభాగంలో అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. మరీ తక్కువ వేసినా చిక్కే: ఒక్క డబుల్ బెడ్‌షీట్ వేస్తే అది ఒకపక్క ముద్దయి మెషిన్ స్పిన్ చేయలేక తిప్పి తిప్పి ఆగుతుంది. తోడుగా రెండు తువ్వాళ్లు వేయండి. నీళ్లు పీల్చే బొంతలు మాత్రం ఇందులో వద్దు.

ఫ్రంట్ లోడ్‌కని రాసి ఉన్న డిటర్జెంటే వాడాలి. మామూలు పౌడర్ నురగ డ్రమ్మునంతా నింపేస్తుంది. నురగ మెత్తటి దిండులా అడ్డుపడి బట్టలు ఒకదాని మీద ఒకటి పడవు, మురికి పోదు, పంపుకు నీళ్లు అందవు. మంజీరా నీళ్లకు ప్యాకెట్ మీద రాసిన కనీస మోతాదు చాలు, బోరు నీళ్లకు పై మోతాదు వేయాలి. ఉతికిన బట్ట మీద తెల్లటి చారలు, తువ్వాలు గరుకు, ఇవి చాలాసార్లు డిటర్జెంట్ ఎక్కువైనందువల్లే. నానబెట్టి చేత్తో ఉతికే అలవాటున్నవాళ్లకు గుప్పెడు పౌడర్ తక్కువనిపిస్తుంది, ఆ చెయ్యినే అదుపు చేసుకోవాలి.

పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడుతుంది. బట్ట పాడైందని కంగారుపడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా తేలుతుంది కదా, ఇదీ అదే. ఉతికి నేరుగా ఎండలో ఆరేయండి, పసుపు రంగు ఎండకు నిలవదు, ఒకటి రెండు ఎండలకు చాలావరకు పోతుంది. రక్తం, గుడ్డు మరకలకు మాత్రం చన్నీళ్లే, వేడి తగిలితే అవి గట్టిపడతాయి.

కాటన్ చీరను నాలుగు మడతలు వేసి వల సంచిలో పెట్టండి. విడిగా వేస్తే ఆరు గజాలూ మిగతా బట్టలన్నిటినీ మూటకట్టేస్తాయి. పట్టుచీర, జరీ ఉన్నది ఏదైనా ఇందులో వేయకండి. వేసేముందు పైట పిన్నీసు, కుచ్చెళ్ల పిన్నీసు తీశారో లేదో చేత్తో తడిమి చూడండి.

ఫిల్టర్ తెరవడం

ఆ పిన్నీసు ఎక్కడికి పోతుందో ఫిల్టర్ తెరిస్తే తెలుస్తుంది. రెండు నెలలకోసారి, ఇంట్లో చిన్నపిల్లలుంటే నెలకోసారి ఈ పని చేయాలి. ప్లగ్ తీసేయండి. వేడినీళ్ల వాష్ అయ్యుంటే చల్లారనివ్వండి. కింద మూల చిన్న తలుపు తెరిస్తే గుండ్రటి మూత, కొన్ని మోడళ్లలో దాని పక్కన పెన్సిల్ లావు రబ్బరు పైపు కనిపిస్తాయి. వెడల్పాటి పళ్లెం పెట్టి, పైపు బిరడా తీసి నీళ్లు వదలండి. పైపు లేకపోతే మూతనే కొద్దికొద్దిగా వదులు చేయాలి. తర్వాత ఎడమకు తిప్పి బయటకు లాగితే బూడిద రంగు పీచు, జుట్టు, రూపాయి బిళ్ల, తుప్పు పట్టిన పిన్నీసు, చీర ఫాల్ దారం అన్నీ ఒక ముద్దగా వస్తాయి. ఖాళీ గూట్లో టార్చి వేసి చూస్తే వెనక చిన్న రెక్క ఉంటుంది. వేలితో తిప్పండి, ఆగి ఆగి తిరగాలి. అది అయస్కాంతం వల్ల, లోపం కాదు. అసలు కదలకపోతే దాని చుట్టూ దారం చుట్టుకుని ఉంటుంది, పట్టకారుతో లాగేయండి. మూత గట్టిగా బిగించి, సబ్బు సొరుగులో లీటరు నీళ్లు పోసి కారడం లేదని చూసుకోండి.

వాసన రాకుండా ఉండాలంటే ప్రతిరోజూ చివరి వాష్ తర్వాత తలుపు రబ్బరు మడతను లోపలికంటా గుడ్డతో తుడవాలి. అడుగు మడతలో చిన్న రంధ్రాలుంటాయి, వెంట్రుకలు పట్టి మూసుకుపోతే అక్కడ నీళ్లు నిలిచి నల్ల బూజు వస్తుంది. తలుపు, సబ్బు సొరుగు ఓరగా తెరిచే ఉంచండి. ఇది వాసన కోసమే కాదు. డ్రమ్మును వెనక నుంచి పట్టి ఉంచే మూడు కాళ్ల చట్రం సాధారణంగా అల్యూమినియం మిశ్రమంతో చేసింది. తడి, డిటర్జెంట్ కలిసి ఏళ్లతరబడి దాన్ని తినేస్తాయి.

డీస్కేలింగ్‌కు కంపెనీ పౌడర్ వాడొచ్చు, లేదా కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 100 గ్రాములు ఖాళీ డ్రమ్ములో వేసి కాటన్ 60 మీద నడపండి. వేరే డిటర్జెంట్ వద్దు. 90 పెడితే ఇంకా బాగా పోతుందనుకోకండి, ఆ వేడికి నిమ్మ ఉప్పు కాల్షియంతో కలిసి మళ్లీ కరగని పొరగా దిగుతుంది. దీంతో బ్లీచింగ్ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. అయ్యాక ఒక రిన్స్, స్పిన్ ఇవ్వండి. నల్లా నీళ్లయితే మూడు నెలలకోసారి చాలు.

ఆగిపోయినప్పుడు

ఎల్‌జీలో ఓఈ అంటే నీళ్లు బయటకు పోవడం లేదని, ఐఈ అంటే లోపలికి రావడం లేదని, యూఈ అంటే బరువు ఒకపక్కకు చేరిందని, డీఈ అంటే తలుపు సరిగ్గా పడలేదని. శామ్‌సంగ్‌లో నీళ్లు రాకపోతే 4ఈ లేదా 4సీ, పోకపోతే 5ఈ లేదా 5సీ. ఇవన్నీ ముందు ఇంట్లోనే చూడదగ్గవి: నల్లా, జాలీ, ఫిల్టర్, బట్టల సర్దుబాటు. కరెంటు పోయి తలుపు లాక్ పడి ఉండిపోతే రెండు నిమిషాలు ఆగండి, గొళ్లెం దానంతటదే వదలొచ్చు. లోపల నీళ్లుంటే ఫిల్టర్ దగ్గర వదిలేశాకే తీయండి, బలవంతంగా లాగితే హ్యాండిల్ విరుగుతుంది.

ఇంటి ఇన్వర్టర్ మీద నడపాల్సివస్తే ముందు హీటర్ ఆపి చన్నీళ్ల ప్రోగ్రాం పెట్టండి, 2 కిలోవాట్లు అది మోయలేదు. మోటారుకు సరిపోయే సామర్థ్యం దానికి ఉందో లేదో కూడా చూసుకోండి.

స్పిన్‌లో విమానం లేస్తున్నట్టు హోరు మొదలైతే అది బేరింగ్. ఖాళీ డ్రమ్మును చేత్తో తిప్పి వినండి, గరగరమంటే సీలు కారి బేరింగ్‌కు నీళ్లు తగిలినట్టే. అంచు పట్టి పైకీ కిందకీ కదిపితే డ్రమ్ము బయటి టబ్బుతో కలిసి కదలాలి, డ్రమ్ము ఒక్కటే లొడలొడలాడకూడదు. మెకానిక్‌ను మొదట అడగాల్సింది మీ మోడల్ టబ్బు స్క్రూలదా, అతికించి మూసేసిందా అని. స్క్రూలదైతే బేరింగ్, సీలు మార్చి మళ్లీ వాడొచ్చు. అతికించినదైతే సాధారణంగా టబ్బు మొత్తం మార్చాలి, వారంటీ దాటిన మెషిన్‌కు ఆ ఖర్చు కొత్తదాని ధరలో సగానికి వస్తుంటే చేయించకండి. నిజానికి ఈ ప్రశ్న కొనే రోజు షోరూమ్‌లోనే అడగాల్సింది.